ఈ అంకె ఏ మొక్కది? మైక్రోఅర్రే డేటాకు సమాచార వ్యవస్థ కట్టడం

తిరుపతిలో ఒక వేరుశనగ ప్రయోగం అనుకుందాం. ఇక్కడి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం నుంచి వచ్చిన ధరణి ఒక రకం, కదిరి-6 ఇంకో రకం. సగం మళ్లకు నీళ్లు, సగం మళ్లకు బెట్ట. మూడు దఫాలుగా ఆకు కోత, ప్రతి దఫాలో ఒక్కో రకానికీ ఒక్కో స్థితికీ మూడేసి వేర్వేరు మొక్కలు. అన్నీ కలిపితే 36 నమూనాలు. జన్యువుల చురుకుదనం కొలిచే గాజు స్లైడ్లను, ఒక్కోదాని మీద 8 అర్రేలు (విడివిడి చుక్కల గళ్లు) ఉండే కస్టమ్ డిజైనుతో తెప్పిస్తే 5 స్లైడ్లు సరిపోతాయి.

ఇప్పుడు డేటా ఎంతో లెక్కేద్దాం. 61 మిల్లీమీటర్ల పొడవు, 21.6 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న భాగాన్ని 3 మైక్రాన్ల వివరంతో స్కాన్ చేస్తే సుమారు 14.6 కోట్ల పిక్సెళ్లు. పిక్సెల్‌కు రెండు బైట్లు. అంటే ఒక రంగుకు స్లైడుకు 290 ఎంబీ పైచిలుకు, ఐదు స్లైడ్లకు ఒకటిన్నర జీబీ. ప్రయోగం మొత్తం జేబులో పెన్‌డ్రైవ్‌లో పట్టేస్తుంది. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. పట్టేస్తుంది కాబట్టి పెన్‌డ్రైవ్‌లోనే ఉండిపోతుంది. మూడేళ్ల తర్వాత ఎవరో తెరిచి చూస్తే బొమ్మలు బాగానే ఉంటాయి, అంకెలూ ఉంటాయి. మూడో స్లైడులో ఐదో అర్రే మీద పోసింది ఏ మొక్క ఆర్‌ఎన్‌ఏనో మాత్రం చెప్పేవాళ్లుండరు. పీహెచ్‌డీ ముగించుకుని వెళ్లిపోయిన విద్యార్థి నోట్‌బుక్‌లో ఉండొచ్చు, ఆ నోట్‌బుక్ దొరికితే.

కాబట్టి వ్యవస్థ కట్టేవాళ్లు డిస్కు గురించి ఆఖర్న ఆలోచించొచ్చు. ముందు ఆలోచించాల్సింది మడిలో మొక్కకూ తెర మీద అంకెకూ మధ్య ఉన్న గొలుసు గురించి. ఆ గొలుసు ఎప్పుడూ చేతులు మారే చోటే తెగుతుంది.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. మైక్రోఅర్రే అంటే గాజు స్లైడు మీద వేలాది చుక్కలుంటాయి. ఒక్కో చుక్కలో ఒక జన్యువును పట్టుకునే డీఎన్‌ఏ ముక్క, అంటే ప్రోబ్, ఉంటుంది. ఆకులోంచి తీసిన ఆర్‌ఎన్‌ఏకు, అంటే పనిచేస్తున్న జన్యువుల నకళ్లకు, మెరిసే రంగు కలిపి పోస్తే తనకు జోడీ అయిన చుక్కకు అతుక్కుంటుంది. లేజర్‌తో చూసినప్పుడు చుక్క ఎంత మెరిస్తే ఆ జన్యువు అంత చురుగ్గా ఉన్నట్టు. మెరుపును 0 నుంచి 65,535 దాకా అంకెగా రాస్తారు. 1995లో స్టాన్‌ఫర్డ్ నుంచి వచ్చిన తొలి పత్రంలో 45 జన్యువులు మాత్రమే ఉన్నాయి. ఇప్పుడు ఒక్క అర్రేలోనే 60 వేల పైన చుక్కలు.

ఏం రాసిపెట్టాలన్నది ప్రపంచం ఎప్పుడో తేల్చుకుంది. 2001లో వచ్చిన మియామే ప్రమాణం ఆరు సంగతులు అడుగుతుంది: ముడి డేటా, శుద్ధి చేసిన డేటా, నమూనాల వివరం, ప్రయోగం అమరిక, అర్రే మీది ప్రోబుల వివరం, చేసిన పద్ధతులు. పత్రికకు పత్రం పంపే ముందు రాత్రి ఈ ఆరింటినీ కూర్చుని నింపుదామనుకుంటారు చాలామంది. అప్పుడు నింపేది జ్ఞాపకమే, రికార్డు కాదు. పని జరుగుతున్న చోటే, జరుగుతున్నప్పుడే రాయించుకోవడం వ్యవస్థ చేయాల్సిన మొదటి పని.

టేబుళ్లు ఎలా విడదీయాలి

అనుభవం లేనివాళ్లు ఒకే పెద్ద టేబుల్ పెడతారు: నమూనా పేరు, రకం, తేదీ, స్లైడు, ఫైలు. మొదటి నెలలోనే అది చాలదని తెలిసిపోతుంది. ఒక మొక్క నుంచి ఆకు, వేరు రెండూ తీస్తారు. ఒక ఆకు నుంచి రెండు సార్లు ఆర్‌ఎన్‌ఏ తీస్తారు, మొదటిది పాడైందని. మూడు మొక్కల ఆర్‌ఎన్‌ఏ కలిపి ఒక పూల్ చేస్తారు. రెండు రంగుల పద్ధతిలో ఒకే అర్రే మీద రెండు నమూనాలుంటాయి. ఒకే అర్రేను స్కానర్ సెట్టింగు మార్చి రెండు సార్లు స్కాన్ చేస్తారు. ఇంత అల్లిక ఒక వరసలో ఇమడదు.

అందుకే దశకొక టేబుల్ కావాలి. మొక్క, కోసిన నమూనా, తీసిన ఆర్‌ఎన్‌ఏ, రంగు కలిపిన ఆర్‌ఎన్‌ఏ, హైబ్రిడైజేషన్ (దాన్ని అర్రే మీద పోసి అతుక్కోనివ్వడం), స్కాన్, ఫైలు, విశ్లేషణ. నమూనాకూ ఆర్‌ఎన్‌ఏకూ మధ్య, ఆర్‌ఎన్‌ఏకూ పూల్‌కూ మధ్య విడిగా ఒక లింకు టేబుల్ ఉండాలి. పూల్ అన్నది అప్పుడే సరిగ్గా నమోదవుతుంది: ఏ మూడు గొట్టాల నుంచి, ఒక్కోదాంట్లోంచి ఎన్ని నానోగ్రాములు. స్లైడు వేరు, దాని మీది అర్రే వేరు అన్న తేడా మొదటి రోజే పెట్టుకోవాలి. బార్‌కోడ్ స్లైడుకు ఉంటుంది, నమూనా అర్రేకు ఉంటుంది. ఈ రెండింటినీ కలిపేసిన డేటాబేసులను తర్వాత విడదీయడం నరకం.

పోస్ట్‌గ్రెస్‌లాంటి ఉచిత డేటాబేస్ దీనికి పుష్కలంగా సరిపోతుంది. స్కాన్ బొమ్మలను మాత్రం డేటాబేసులో దూర్చకూడదు. అవి డిస్కు మీద ఉండాలి, డేటాబేసులో వాటి చిరునామా, సైజు, షా-256 చెక్‌సమ్ (ఫైలులో ఏది మారినా పట్టిచ్చే, వేలిముద్ర లాంటి సంకేతం) ఉండాలి. రెండు దశాబ్దాల కింద వచ్చిన వ్యవస్థలు ప్రతి చుక్కనూ ఒక వరసగా డేటాబేసులో పోసేవి. అప్పటి అవసరం అది. ఇప్పుడు ముడి ఫైలును ఉన్నదున్నట్టు ఉంచి, విశ్లేషణకు కావలసినప్పుడు ఆర్ అనే గణాంకాల భాషలో చదువుకోవడమే మేలు. చుక్కల్ని డేటాబేసు భాష ఎస్‌క్యూఎల్‌లో వెతకాల్సిన అవసరం ఎవరికీ రాదు.

నంబర్లు, లేబుళ్లు

"ధరణి_బెట్ట_15రో_2" అని గొట్టం మీద రాయడం అందరికీ ముద్దే. కానీ ఆ రెండో మొక్క నిజానికి నీళ్లు పెట్టిన మడిదని తర్వాత తేలితే? పేరు మార్చాలి, ఫైళ్ల పేర్లు మార్చాలి, ఎక్కడో ఒకటి మారదు. గొట్టం నంబరుకు అర్థం ఉండకూడదు. కొండ మీద సామాన్లు పెట్టుకునే చోట ఇచ్చే టోకెన్ లాగా, నంబరు సంచి గురించి ఏమీ చెప్పదు, సంచి మాత్రం దొరుకుతుంది. ఎన్-00412 అని ఒక క్రమసంఖ్య, చివర ఒక చెక్ అక్షరం. చేత్తో టైపు చేసినప్పుడు 412 బదులు 421 పడితే ఆ చెక్ అక్షరం అక్కడికక్కడే పట్టేస్తుంది.

లేబుల్ సంగతి చిన్నదనుకుంటారు. మామూలు కాగితం స్టిక్కరు మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో ఊడి పెట్టె అడుక్కు చేరుతుంది. మార్కర్ రాతను 70 శాతం ఇథనాల్ ఒక్క తుడుపుతో ఎత్తుకుపోతుంది. చల్లదనాన్ని తట్టుకునే క్రయో లేబుల్, రెజిన్ రిబ్బన్‌తో అచ్చువేసే థర్మల్ ప్రింటర్, గొట్టం మూత మీద పట్టే చదరపు డేటామ్యాట్రిక్స్ కోడ్: ఈ మూడింటి మీద పెట్టే డబ్బు సర్వర్ మీద పెట్టే డబ్బుకంటే ఎక్కువ పని చేస్తుంది. ఆర్‌ఎన్‌ఏను డ్రై ఐసులో పెట్టి బెంగళూరుకో హైదరాబాదుకో పంపి అక్కడే హైబ్రిడైజేషన్ చేయించేట్టయితే ఇది ఇంకా ముఖ్యం. పంపిన పెట్టెలో ఏ గుంతలో ఏ గొట్టముందో వ్యవస్థే జాబితా ఇవ్వాలి. ఆ జాబితాలోని నంబర్లే అవతలివాళ్లు తిరిగి పంపే ఫైళ్లలో ఉండాలని ముందే ఒప్పందం రాసుకోవాలి. లేకపోతే వాళ్లు తమకు తోచిన "శాంపుల్ 1, శాంపుల్ 2" పెడతారు, గొలుసు అక్కడితో సరి.

నమూనా గురించి ఏం అడగాలి

ఇక్కడ ఖాళీ పెట్టెలో ఇష్టమొచ్చినట్టు రాయనివ్వకూడదు. ధరణి అని ఒకరు, టీసీజీఎస్-1043 అని ఒకరు, ఇంగ్లీషులో ఒకరు రాస్తే కంప్యూటర్‌కు అవి మూడు రకాలు. జాబితాలోంచి ఎంచుకునేట్టు పెట్టాలి. ఆ జాబితా వెనక ప్లాంట్ ఆంటాలజీ లాంటి అంతర్జాతీయ పదకోశం సంకేతాలను కలిపి ఉంచితే తర్వాత డేటా పంపేటప్పుడు చేతిపని తప్పుతుంది.

అడగక వదిలేసేవి కొన్నుంటాయి. ఆకు అంటే ఏ ఆకు? పైనుంచి పూర్తిగా విచ్చుకున్న మూడోదా, కింద ముదురుదా? విత్తి ఎన్ని రోజులైంది? మట్టి తేమ ఎంతుంది, ఏ లోతులో కొలిచారు? అన్నిటికంటే ఎక్కువగా మరచిపోయేది గడియారం. మొక్కలో చాలా జన్యువులు పొద్దును బట్టి ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. చెనక్కాయ చెట్టు రాత్రయితే ఆకులు ముడుచుకోవడం రైతులందరూ చూసేదే, లోపల జన్యువుల పని కూడా అలాగే మారుతుంది. నీళ్లు పెట్టిన మడిలో ఉదయం తొమ్మిదింటికి కోసి, బెట్ట మడికి వచ్చేసరికి పన్నెండున్నర అయితే, తిరుపతి ఎండలో ఆ మూడున్నర గంటల తేడా బెట్ట ప్రభావంలాగే కనబడుతుంది. తేదీ ఒక్కటే అడిగే ఫారం ఈ తప్పును ఎప్పటికీ బయటపెట్టదు. ఫోన్‌లో కోడ్ స్కాన్ చేయగానే సమయం దానంతటదే పడేట్టు చేస్తే రాసే బాధే లేదు. పొలంలో సిగ్నల్ అందకపోయినా ఫోన్‌లో నిలవ ఉండి, ల్యాబ్‌కు వచ్చాక సర్వర్‌కు ఎక్కేట్టు ఉండాలి.

నాణ్యత గేట్లు

ఆర్‌ఎన్‌ఏ తీశాక మూడు కొలతలు నమోదవ్వాలి: కాంతిని పీల్చుకునే తీరుతో శుభ్రత చెప్పే 260/280 నిష్పత్తి, 260/230 నిష్పత్తి, ఆర్‌ఎన్‌ఏ ఎంత చెక్కుచెదరకుండా ఉందో చెప్పే ఆర్‌ఐఎన్. మొదటిది 2.0 దగ్గర ఉండాలి. వేరుశనగలో పాలీఫినాళ్లూ చక్కెర పదార్థాలూ ఎక్కువ కాబట్టి రెండోది తరచూ పడిపోతుంది, అలా పడిపోయిన ఆర్‌ఎన్‌ఏ రంగు సరిగ్గా పట్టదు. ఆర్‌ఐఎన్ 1 నుంచి 10 దాకా ఇచ్చే మార్కు, 7 కంటే తక్కువైతే వద్దంటారు. కానీ ఆకుపచ్చ ఆకులో హరితరేణువుల రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏ అదనపు శిఖరాలు చూపుతుంది. జంతు కణాల లెక్కతో కొలిచే యంత్రం దాన్ని కుళ్లిన ఆర్‌ఎన్‌ఏ అనుకుని మార్కు తగ్గిస్తుంది. అందుకని 7 దగ్గర వ్యవస్థ తలుపు మూసేయకూడదు. హెచ్చరించాలి, ముందుకు పోతే ఎవరు పోనిచ్చారో, ఏ కారణంతోనో రాయించుకోవాలి, యంత్రం గీసిన గ్రాఫు ఫైలును కూడా జతచేయించుకోవాలి. గట్టిగా అడ్డుపడే వ్యవస్థలో జనం 6.4ను 7.1 అని టైపు చేస్తారు. అది ఇంకా చేటు.

రంగు కలిపిన తర్వాతి గేటు మాత్రం గట్టిగానే ఉండొచ్చు. ఎజిలెంట్ కంపెనీ ఒక రంగు పద్ధతిలో మైక్రోగ్రాము సీఆర్‌ఎన్‌ఏకు (రంగు కలిపిన ఆర్‌ఎన్‌ఏ నకలు) సైఎనిన్-3 రంగు కనీసం 6 పికోమోళ్లు పట్టాలి. ఎనిమిది అర్రేల స్లైడులో ఒక్కో అర్రేకు 600 నానోగ్రాములు పోయాలి. అంత లేని గొట్టం స్లైడు దాకా పోవడం వల్ల ఒరిగేదేమీ లేదు, స్లైడు ఖరీదు దండగ.

స్లైడు అమరిక వ్యవస్థ చేతికివ్వండి

నీళ్లు పెట్టినవన్నీ కొన్ని స్లైడ్ల మీద, బెట్టవన్నీ మిగతా వాటి మీద పెట్టడం చేతికి సులువు. అలా పెడితే స్లైడుకూ స్లైడుకూ మధ్య ఉండే తేడా బెట్ట తేడాలో కలిసిపోతుంది. ఏ గణితమూ వాటిని మళ్లీ విడదీయలేదు. 36 నమూనాలకు 5 స్లైడ్లలో 40 చోట్లున్నాయి, 4 మిగులు. నాలుగు స్లైడ్లలో 7 నమూనాలూ ఒక ఉమ్మడి పూలూ, ఐదో దాంట్లో 8 నమూనాలు. ప్రతి స్లైడు మీదా రెండు రకాలూ రెండు స్థితులూ ఉండేట్టు చూసి, ఆపైన యాదృచ్ఛికంగా పంచడం కంప్యూటర్‌కు క్షణం పని. ఉమ్మడి పూల్ నాలుగు స్లైడ్లలోనూ ఒకేలా రావాలి కాబట్టి ఎక్కడ తేడా పడిందో అదే చెబుతుంది.

అమరిక తయారయ్యాక కాగితం మీద అచ్చువేసి బెంచి దగ్గర పెట్టాలి, ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. నమూనాను నిజానికి పోసేది అర్రే స్లైడు మీద కాదు, గాస్కెట్ స్లైడు (రబ్బరు అంచుల గుంతలున్న ఇంకో గాజు పలక) గుంతల్లో. దాని మీద అర్రే స్లైడును బోర్లించి, బిగించి, 65 డిగ్రీల ఓవెన్‌లో 17 గంటలు తిప్పుతారు. బోర్లించడంతో ఒక వైపు వరస రెండో వైపుకు పోతుంది. అమరిక పటం గాస్కెట్ వైపు నుంచి గీశారా, అర్రే వైపు నుంచి గీశారా అన్నది తేలకపోతే ఎనిమిదికి ఎనిమిదీ తారుమారు. అచ్చువేసే పటం మీద "గాస్కెట్ వైపు, బార్‌కోడ్ ఎడమ చేతి పక్క" అని బొమ్మతో సహా ఉండాలి. పని ముగిశాక ఇంకో తనిఖీ: రెండు రకాలకూ ఖాయంగా తేడా చూపే కొన్ని ప్రోబులను ముందే ఎంచుకుని, ప్రతి అర్రే ధరణిదో కదిరి-6దో డేటాతోనే తేల్చాలి. మనుషుల నమూనాలతో చేసేవాళ్లు ఎక్స్, వై క్రోమోజోముల జన్యువులతో ఆడా మగా సరిచూసుకుంటారు, ఇదీ అదే ఉపాయం. రికార్డుతో డేటా పొసగకపోతే ఆ స్లైడు మొత్తాన్ని అనుమానించాలి.

ఫైళ్లు లోపలికి రావడం

స్కాన్ బొమ్మను అంకెలుగా మార్చే ఎజిలెంట్ ఫీచర్ ఎక్స్‌ట్రాక్షన్ ప్రోగ్రామ్ ఇచ్చే టెక్స్ట్ ఫైలులో మూడు టేబుళ్లు ఒకదాని కింద ఒకటి ఉంటాయి: సెట్టింగులు, గణాంకాలు, చుక్కలు. స్లైడు బార్‌కోడ్, స్కాన్ తేదీ, వాడిన ప్రోటోకాల్ మొదటి టేబుల్‌లోనే ఉన్నాయి. అర్రే స్థానం ఫైలు పేరు చివర 1_1, 2_4 అని ఉంటుంది. ఇవన్నీ మనిషితో టైపు చేయించడం దండగ, తప్పు కూడా. ఫైలు పడగానే ప్రోగ్రామే చదివి, బార్‌కోడునూ స్థానాన్నీ హైబ్రిడైజేషన్ టేబుల్‌తో జోడించాలి. జోడీ దొరకని ఫైలును ఒక పక్కన పెట్టి అడగాలి. ఎక్కించాక ఆ ఫైలు చదవడానికి మాత్రమే, దిద్దడానికి ఎవరికీ అనుమతి ఉండకూడదు. చెక్‌సమ్‌ను వారానికోసారి మళ్లీ లెక్కగట్టి పోల్చుకుంటే డిస్కు చెడడం మొదలైన సంగతి ముందే తెలుస్తుంది.

ఎక్సెల్‌తో జాగ్రత్త. సెప్ట్2 అనే మానవ జన్యువు పేరును అది సెప్టెంబరు 2గా మార్చేస్తుంది. ఈ బాధ పడలేక 2020లో జన్యువులకు పేర్లు పెట్టే సంఘం ఏకంగా ఆ జన్యువుల సంకేతాలనే మార్చేసింది. మన పనిలో ఎక్కువగా కొట్టేది ఇంకోటి: ప్లేటు నంబరు, వరస అక్షరం, గడి సంఖ్య కలిపి 1ఈ10 అని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే, ఎక్సెల్ దాన్ని ఒకటి పక్కన పది సున్నాలుగా చదువుతుంది. తెలియకుండా సేవ్ అయితే అసలుది తిరిగి రాదు. అందుకే ఎక్కించే ఫారం ట్యాబులతో విడదీసిన టెక్స్ట్‌ను మాత్రమే ఒప్పుకోవాలి, ప్రతి గడినీ పద్ధతి ప్రకారం సరిచూడాలి.

జన్యువు పేరు మారుతుంది, ప్రోబ్ మారదు

చాలా వ్యవస్థలు ప్రోబ్ పక్కనే జన్యువు పేరు ఒక కాలమ్‌లో రాసేస్తాయి. వేరుశనగలో ఇది ముంచుతుంది. ఇది నాలుగు క్రోమోజోమ్ సెట్ల పంట, రెండు పూర్వీక జాతుల జన్యుసముదాయాలు దీనిలో పక్కపక్కనే ఉన్నాయి, 40 క్రోమోజోములు. ఆ రెండు పూర్వీకుల జన్యుక్రమం 2016లో, సాగు వేరుశనగ టిఫ్‌రన్నర్ రకం జన్యుక్రమం 2019లో వచ్చాయి. అంతకు ముందు దొరికిన ముక్కల ఆధారంగా చేసిన ప్రోబులను ఇప్పుడు పోల్చి చూస్తే కొన్ని రెండు చోట్లా అతుకుతాయి, కొన్ని ఎక్కడా అతకవు. 60 అక్షరాల ప్రోబ్ ఒకటి రెండు అక్షరాల తేడాను లెక్కచేయదు కాబట్టి, కవల జన్యువుల్లో ఏది మెరిసిందో చుక్క చెప్పలేదు.

కాబట్టి శాశ్వతంగా నిలవాల్సింది ప్రోబ్ అక్షరక్రమం. జన్యువుతో దాని సంబంధం విడి టేబుల్‌లో, ఏ జన్యుక్రమం వెర్షన్‌తో, ఏ సాధనంతో, ఏ రోజు పోల్చారో రాసి ఉండాలి. ఒక ప్రోబ్‌కు రెండు జన్యువులు తగిలితే రెండు వరసలూ ఉండాలి. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు పాత వరసలను చెరపకుండా కొత్తవి చేర్చాలి, లేకపోతే పోయినేడాది పత్రంలోని టేబుల్ ఇంకెప్పుడూ మళ్లీ రాదు. విశ్లేషణకూ అదే నియమం: ఏ ముడి ఫైళ్లు, ఏ స్క్రిప్టు, ఆర్ ఏ వెర్షన్, ఆర్‌లోని విశ్లేషణ ప్యాకేజీ లిమ్మా ఏ వెర్షన్, నేపథ్య దిద్దుబాటు ఏ పద్ధతి, నార్మలైజేషన్ (అర్రేలన్నిటినీ ఒకే కొలతకు తేవడం) ఏ పద్ధతి, ఏ అర్రేను ఎందుకు తీసేశారు.

మిగతావి

స్విమ్స్ లాంటి ఆసుపత్రి నమూనాలు ఉంటే రోగి పేరు ఈ డేటాబేసులోకే రాకూడదు. పేరుకూ సంకేతానికీ జోడించే టేబుల్ ఆసుపత్రి లోపల, వేరే చోట, వేరే అనుమతితో ఉండాలి. అంగీకార పత్రం ఏ వాడకానికి ఇచ్చిందో నమూనా పక్కనే నమోదవ్వాలి. 2017 ఐసీఎంఆర్ మార్గదర్శకాలూ 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టమూ ముందే చదవాల్సినవి.

హార్డ్‌వేర్‌కు ఒక మంచి డెస్క్‌టాప్, 32 జీబీ మెమరీ, ఒకదానికొకటి అద్దం పట్టే రెండు డిస్కులు, యూపీఎస్ చాలు. అద్దం డిస్కులను బ్యాకప్ అనుకోకూడదు, ఒకచోట పొరపాటున చెరిపితే రెండో చోటా చెరుగుతుంది. ఇంకో కాపీ వేరే భవనంలో, మరొకటి కేబులు పీకేసి అల్మరాలో. మూడు నెలలకోసారి ఆ అల్మరా కాపీ నుంచి వ్యవస్థను నిజంగా తిరిగి నిలబెట్టి చూడాలి.

ఆర్‌ఎన్‌ఏ అక్షరాలను నేరుగా చదివే ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ వచ్చాక ఇదంతా అవసరమా అని అడగొచ్చు. కొత్తగా జన్యువుల చురుకుదనం కొలవాలంటే సీక్వెన్సింగ్‌కే పోవడం మంచిదే. కానీ విత్తన రకాల ఎంపికకు వాడే, డీఎన్‌ఏలో ఒక్కో అక్షరం తేడాను చూసే ఎస్‌ఎన్‌పీ అర్రేలు నడుస్తూనే ఉన్నాయి. పైగా గొట్టం దగ్గర్నుంచి ఆర్‌ఎన్‌ఏ దాకా ఉన్న టేబుళ్లు రెంటికీ ఒకటే. హైబ్రిడైజేషన్, స్కాన్ స్థానంలో లైబ్రరీ (చదవడానికి సిద్ధం చేసిన నమూనా), రన్ (యంత్రం నడిచిన దఫా) అని రెండు టేబుళ్లు చేరతాయి, అంతే.

బయటికి పంపడం పై గొలుసు ఉన్నవాళ్లకు సాయంత్రం పని. అమెరికా ఎన్‌సీబీఐ నడిపే బహిరంగ డేటా భాండారం జీఈఓకు మూడు ముక్కలు కావాలి: వివరాల షీటు, శుద్ధి చేసిన మ్యాట్రిక్సు, ముడి ఫైళ్లు. కస్టమ్ డిజైను అయితే ప్రోబుల పట్టికను ముందు ప్లాట్‌ఫామ్‌గా చేర్చాలి. అక్కడ వచ్చిన నంబర్లను తిరిగి మన డేటాబేసులో నమూనా పక్కన రాయడం మరవకూడదు. దేశంలో ప్రభుత్వ నిధులతో పుట్టే జీవశాస్త్ర డేటాను దాచేందుకు 2022లో ఫరీదాబాద్‌లో ఇండియన్ బయలాజికల్ డేటా సెంటర్ మొదలైంది, నిధులిచ్చే సంస్థ అడిగితే అక్కడా జమ చేయాలి.

ఇక అల్మరాల్లో ఉన్న పాత పెన్‌డ్రైవ్‌లు. అన్నీ ఎక్కించాలని కూర్చుంటే కొత్త పని ఆగిపోతుంది. ముడి ఫైలూ, అర్రేకు నమూనాను జోడించే చేతిరాత పటమూ రెండూ ఉన్నవాటిని ముందు ఎక్కించండి, ఆ పటాన్ని ఫోటో తీసి జతచేయండి. ముడి ఫైలు ఉండి పటం లేనివాటిని "నమూనా తెలియదు" అన్న గుర్తుతో ఎక్కించి విశ్లేషణ జాబితాలో కనబడకుండా పెట్టండి. కోసిన సమయం, ఆర్‌ఐఎన్ లాంటి గడులు ఖాళీగా ఉంటే ఖాళీగానే వదలండి. ఉజ్జాయింపుగా నింపిన గడి నిజంగా కొలిచిన గడిలాగే కనబడుతుంది, దాన్ని తర్వాత ఎవరూ అడగరు.